బరంపురం టౌన్ బస్సుకి ఏది పోయాలి: డీజిలా, గ్యాసా, కరెంటా?

మా మేనల్లుడి వరస కుర్రాడొకడు పోయిన నెల షెడ్డుకొచ్చాడు. వాడికి ఐదు బస్సులు. మూడు టౌన్లో తిరుగుతాయి, రెండు పొద్దున సాయంత్రం స్కూలు పిల్లల్ని మోస్తాయి, మధ్యాహ్నం పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోతాయి. రెండు బాగా పాతబడ్డాయి, మార్చాలి. చేతిలో మూడు బ్రోచర్లు పట్టుకొచ్చి బెంచీ మీద పరిచాడు. ఒకటి బీఎస్ 6 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన కొత్త హద్దు) డీజిల్, ఒకటి సీఎన్‌జీ, అంటే సిలిండర్లో నొక్కి నింపే గ్యాసు, ఒకటి ఎలక్ట్రిక్. మూడింట్లోనూ బస్సు వెనకాల పచ్చటి కొండలే.

"ఏది తీసుకోమంటావు మావయ్యా?"

"రాత్రి బండి ఎక్కడ పెడతావు?" అన్నాను.

వాడికి చిర్రెత్తుకొచ్చింది. బస్సు గురించి అడిగితే పార్కింగ్ గురించి మాట్లాడతావేంటన్నాడు. వాడికి ఆ పూట టీ తాగేలోపు చెప్పగలిగింది కొంతే. మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను. మన ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ వైపు నాలుగైదు బస్సులతో బతుకు నెట్టుకొస్తున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. మున్సిపాలిటీ మీటింగుల్లో మన వార్డుకి ఎలాంటి బస్సు కావాలని అడిగితే చెయ్యెత్తాల్సినవాళ్లూ ఉన్నారు. బస్సుల కింద పడుకుని ఇరవై ఆరేళ్లు గడిపినవాడిగా నేను చెప్పేది ఒక్కటే. ఏ ఇంధనం మంచిదన్న ప్రశ్నకి జవాబు బస్సులో దొరకదు, షెడ్డులో దొరుకుతుంది. బండి రాత్రి ఎక్కడ నిద్రపోతుంది, పొద్దున ఎక్కడ కడుపు నింపుకుంటుంది, ఆ రెండింటి మధ్య ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా తిరుగుతుంది. ఇంజను సంగతి ఆ తర్వాత.

శుభ్రం అంటే ఏ శుభ్రం?

ఇక్కడ రెండు వేరు వేరు లెక్కల్ని జనం ఒకే గాటన కట్టేస్తారు. ఒకటి వీధిలో పొగ. గేట్ బజారులో పాత డీజిల్ బస్సు కదిలినప్పుడు వెనక స్కూటరు మీద ఉన్నవాడి మొహాన కొట్టే నల్లమసి అది. ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే. రెండోది ఆకాశంలోకి పోయే కార్బన్ డయాక్సైడు. దానికి రంగూ వాసనా ఉండదు, మొహాన కొట్టదు, కానీ భూమిని వేడెక్కిస్తుంది.

మొదటి లెక్కలో తేడా కళ్లకి కనపడుతుంది. పాత డీజిల్ బండి సైలెన్సర్ కొసన వేలు పెట్టి తిప్పితే కాటుక పెట్టుకోవచ్చు. సీఎన్‌జీ బండిది అలాగే తిప్పితే బూడిదరంగు పొడి కాస్త అంటుతుంది, అంతే. ఎలక్ట్రిక్ బండికి సైలెన్సరే లేదు.

రెండో లెక్క అంత సూటిగా ఉండదు. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. కిలో సీఎన్‌జీ మండితే దాదాపు 2.75 కిలోలు. మన ఊరి 9 మీటర్ల బస్సు లీటరుకి 5 కిలోమీటర్లు, గ్యాసు మీద కిలోకి నాలుగున్నర ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకి డీజిల్ది 540 గ్రాములు, గ్యాసుది 610. అంటే గ్యాసుది ఒక పిసరు ఎక్కువే. కరెంటు బస్సు కిలోమీటరుకి దగ్గరదగ్గర 0.9 యూనిట్లు తింటే, మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కి 0.7 కిలోల చిల్లర కార్బన్ ఉంది కాబట్టి అదీ 630 గ్రాముల పైచిలుకే. తాల్చేరు బొగ్గు కాల్చి తెచ్చిన కరెంటుతో నడిపే బస్సు పొగ పెట్టదు. దాని పొగంతా తాల్చేరులోనే వదిలేసి వస్తుంది.

దీనర్థం కరెంటు బస్సు దండగ అని కాదు. ఇవాళ కొన్న డీజిల్ బస్సు పదేళ్ల తర్వాత కూడా లీటరుకి అదే 2.7 కిలోలు కక్కుతుంది. గ్రిడ్‌లో మాత్రం ఏటేటా సోలారు పెరుగుతోంది, కాబట్టి అదే ఎలక్ట్రిక్ బస్సు ముసలిదయ్యేకొద్దీ శుభ్రపడుతుంది. గ్యాసుకి ఈ రెండో లెక్కలో ఇంకో చిక్కుంది. అది మీథేన్. మండకుండా లీకైన మీథేన్, వందేళ్ల లెక్కన చూసినా, కార్బన్ డయాక్సైడు కంటే పాతిక రెట్లకి పైగా వేడి పట్టి ఉంచుతుంది. అందుకే సీఎన్‌జీని ఊరి ఊపిరితిత్తుల కోసం కొనండి, భూగోళం కోసం కొంటున్నామని ఫ్లెక్సీలు మాత్రం కట్టకండి.

ఢిల్లీ కథ అందరూ చెబుతారు కానీ అందులో మనకి పనికొచ్చే ముక్క వదిలేస్తారు. పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఆర్డరిచ్చింది, 2001 మార్చి 31 నాటికి ఢిల్లీ సిటీ బస్సులన్నీ సీఎన్‌జీ కావాలని. అయ్యేసరికి 2002 డిసెంబరు వచ్చింది. ఈ మధ్యలో ఏం జరిగింది? బస్సులు వచ్చేశాయి, గ్యాసు బంకులు రాలేదు. బస్సులూ ఆటోలూ గంటల తరబడి క్యూలో నిలబడ్డాయి. గాలి బాగుపడిన మాట నిజం, క్యూ కూడా అంతే నిజం. ఢిల్లీకి సుప్రీంకోర్టు వెనకుంది కాబట్టి ఆ క్యూని తట్టుకుంది. ఐదు బస్సుల ఓనరు తట్టుకోలేడు.

బీఎస్ 6 డీజిల్: తెలిసిన దెయ్యమే, కానీ కొత్త కోరలు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6. డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దిగింది. బండికి మసి పట్టే ఫిల్టరొకటి వచ్చింది, దాన్ని డీపీఎఫ్ అంటాం. నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టడానికి యాడ్‌బ్లూ వచ్చింది, డ్రైవర్ల భాషలో యూరియా నీళ్లు. పాత బస్సుతో పోలిస్తే ఇవి చాలా శుభ్రం, అందులో అనుమానం లేదు.

కష్టం ఎక్కడంటే, డీపీఎఫ్ తన మసిని తనే కాల్చుకోవాలి. అలా కాలాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, బండి కాసేపు ఆగకుండా ఒక వేగంతో పోవాలి. పాత బస్టాండు నుంచి బడా బజారు మీదుగా పోయే టౌన్ బస్సుకి ఆ యోగం ఎక్కడిది? రెండు వందల గజాలకో స్టాపు, మధ్యలో ఆవులు, తోపుడు బళ్లు. మూడేళ్ల కిందట ఒక బస్సు సరిగ్గా పొద్దున ఆఫీసు టైములో డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించింది. డ్రైవరు దాన్ని చూసి చూడనట్టు నాలుగు రోజులు తోలాడు. ఐదో రోజు బండి లింప్ మోడ్‌లోకి పోయింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇరవై దాటదు. "ఏటి గురూ, బండికి పక్షవాతం వచ్చినట్టుంది" అని ఫోను చేశాడు. లాప్‌టాప్ పెట్టి గంటసేపు ఒకేచోట నిలబెట్టి రీజెన్, అంటే మసి కాల్చే పని, చేయించాం. ఆ గంటలో కాలిన డీజిల్ ఎవరి ఖాతా?

యూరియా నీళ్ల సంగతి ఇంకోటి. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి, అటూ ఇటూ కాకూడదు. క్యాన్లలో చవగ్గా అమ్మే సరుకు ఒకసారి మేమూ కొన్నాం, ఎవరి దగ్గరో చెప్పను. నెల తిరక్కుండా ఇంజెక్టరు మూతికి తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు పేరుకుపోయింది. చవక క్యాను మిగిల్చింది వందలు, ఇంజెక్టరు మింగింది వేలు.

అందుకని బీఎస్ 6 డీజిల్ని దూరపు రూట్లకి ఉంచండి. అస్కా దాటి భంజనగరం పోయే బండికి, మోహన మీదుగా పర్లాకిమిడి పోయే బండికి అది హాయిగా ఉంటుంది. హైవే ఎక్కగానే ఫిల్టరు తనని తాను శుభ్రం చేసుకుంటుంది, దారిలో బంకులకి కొదవ లేదు, ఏ ఊళ్లో ఆగినా మెకానిక్ దొరుకుతాడు. డీజిల్ అంటే తప్పనిసరి పాపం అనుకోనక్కర్లేదు. ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే చాలు.

ఇంకో మాట, సెకండ్ హ్యాండు గురించి. ఆంధ్రా వైపు నుంచి పాత బీఎస్ 4 బస్సులు తక్కువ ధరకి వస్తాయి. "దీనికి గ్యాసు కిట్ పెట్టించేద్దాం" అనే తెలివిగలవాళ్లూ వస్తారు. డీజిల్ ఇంజను గ్యాసుతో నడవాలంటే స్పార్కు ప్లగ్గులు రావాలి, కంప్రెషన్ తగ్గించాలి. మారుతీ వ్యానుకి కిట్ తగిలించినట్టు కాదు, ఇంజనుకి ఇంజనే తిరగరాయాలి. 2022లో కేంద్రం బీఎస్ 6 బళ్లకి గ్యాసు మార్పిడి అనుమతించింది కానీ అది 3.5 టన్నుల లోపు వాటికే. బస్సుకి గ్యాసు కావాలంటే కంపెనీ గ్యాసు బస్సునే కొనండి.

సీఎన్‌జీ: అంతా బంకు దయ

గ్యాసు బస్సు గురించి సేల్స్ కుర్రాడు చెప్పే మొదటి మాట పొదుపు. ఆ మాటని కాగితం మీద పెట్టి చూడండి. బస్సు ఇంజను విషయంలో కిలో గ్యాసు ఇచ్చే దూరం లీటరు డీజిల్ ఇచ్చే దూరం కంటే కాస్త తక్కువే ఉంటుంది, మహా అయితే సమానం. అంటే కిలో గ్యాసు ధర లీటరు డీజిల్ ధర కంటే కనీసం పది పన్నెండు రూపాయలు తక్కువ ఉంటేనే జేబులో ఏమన్నా మిగిలేది. 2022లో గ్యాసు ధర ఎగబాకినప్పుడు గ్యాసు బళ్లు కొన్నవాళ్లందరూ నాలుక్కరుచుకున్నారు. రేపు మళ్లీ ఎగబాకదని ఎవరూ రాసివ్వరు. అందుకని మీరు కొనే నాడు మన బంకులో రెండు ధరలూ పక్కపక్కన రాసుకుని, మధ్యలో తేడా పదిలోపు ఉంటే ఆ బ్రోచరు మడిచి జేబులో పెట్టేయండి.

ఇక అసలు సంగతి, నింపడం. గ్యాసు బంకుల్లో రెండు జాతులున్నాయి. పైపులైను నేరుగా వచ్చి, అక్కడికక్కడే కంప్రెసర్‌తో 200 బార్‌కి (బార్ అంటే ప్రెషర్ కొలత) పైన నొక్కి పోసేది మదర్ స్టేషన్. అక్కడ నుంచి లారీ మీద సిలిండర్ల గుత్తి తెచ్చుకుని పోసేది డాటర్ స్టేషన్. లారీ వచ్చిన గంటలో ఏ బండైనా నిండుతుంది. సాయంత్రానికి గుత్తిలో ప్రెషర్ పడిపోతుంది. అక్కడ ప్రెషర్ పెంచే బూస్టరు బలహీనంగా ఉంటే మీ బండి సిలిండర్‌లో 120, 130 దగ్గర ముల్లు ఆగిపోతుంది. అదేం మోసం కాదు. నీళ్లు పల్లానికి పోయినట్టు గ్యాసు కూడా ఎక్కువ ప్రెషర్ నుంచి తక్కువకే పోతుంది, రెండూ సమానమైతే ఆగుతుంది.

ఒక రాత్రి తొమ్మిది గంటలకి నేనే లైన్లో నిలబడ్డాను. ముందు పదకొండు ఆటోలు, రెండు లోడు బళ్లు. మా వంతు వచ్చేసరికి పదీ ఇరవై. నాజిల్ తగిలించాడు, ముల్లు చకచకా ఎక్కి 130 దగ్గర మొండికేసింది. పోసే కుర్రాడు చెయ్యి ఊపాడు, ఇంక రాదని. కనెక్షన్ తీసిన చోట పైపు మీద మంచు పట్టి తెల్లగా ఉంది, చేత్తో ముట్టుకుంటే జివ్వుమంది. లారీ పొద్దున ఐదింటికి వస్తుందన్నాడు. ఫస్ట్ ట్రిప్పు ఐదున్నరకి. బండిలో ఉన్న గ్యాసుతోనే ఫస్ట్ ట్రిప్పు తోలి, రెండో ట్రిప్పు ఎగ్గొట్టి మళ్లీ లైన్లో నిలబెట్టాం. ఆ ట్రిప్పు ప్యాసింజర్లు ఆటో ఎక్కారు. మర్నాడూ ఆటోనే ఎక్కారు. అలవాటు తప్పిన ప్యాసింజరుని వెనక్కి తేవడం ఏ ఇంధనానికీ చేతకాదు.

అందుకని బండి కొనకముందే చెయ్యాల్సిన పని ఇది. మీకు దగ్గర్లో ఉన్న బంకుకి మూడు వేర్వేరు రోజులు, రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లి నిలబడండి. మదరా డాటరా అడగండి. బస్సు తిప్పుకునే జాగా ఉందా చూడండి, చాలా చోట్ల ఆటోలకీ కార్లకీ కట్టిన ఆవరణలో బస్సు రివర్సు తీయడమే ఒక యజ్ఞం. చివరగా మీ షెడ్డు నుంచి అక్కడికి ఎంత దూరమో మీటరు చూసి రాసుకోండి. ఏడు కిలోమీటర్లుంటే రానూ పోనూ పద్నాలుగు, ప్యాసింజరు లేని డెడ్ కిలోమీటర్లు. కిలోకి నాలుగున్నర లెక్కన రోజుకి మూడు కిలోల గ్యాసు రోడ్డు మీద పారబోసినట్టే. దానికి డ్రైవరు గంట జీతం కలపండి. నా మటుకు నేను గీసుకున్న గీత పది. రానూ పోనూ పది దాటితే గ్యాసు వద్దు.

శ్రీకాకుళం నుంచి అంగుల్ దాకా ప్రభుత్వ గ్యాసు కంపెనీ గెయిల్ వేసిన పైపులైను మన గంజాం మీదుగానే పోతుంది. పైపు దగ్గరకొచ్చిన కొద్దీ లారీల మీద ఆధారపడే బాధ తగ్గుతుంది, మదర్ స్టేషన్లు పెరుగుతాయి. ఆ ఆశ పెట్టుకోవచ్చు. ఆశ మీద ఈఎంఐ మాత్రం కట్టలేం.

సిలిండర్ల సంగతి. 200 బార్ దగ్గర లీటరు జాగాలో కిలోలో ఆరో వంతు గ్యాసు పడుతుంది. వంద కిలోలు కావాలంటే ఆరొందల లీటర్ల సిలిండర్లు మోయాలి, ఇనుపవైతే బరువు అర టన్ను పైమాటే. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీళ్ల ప్రెషర్‌తో సిలిండర్ గట్టిదనం చూడడం) తప్పనిసరి, ఆ ప్లేటు బండికి ఉండాలి. టెస్టుకి సిలిండర్లు దింపి పంపి తెచ్చుకునే రోజులన్నీ బండి షెడ్డులో పడుకుంటుంది. సెలవుల్లో పెట్టుకోండి, స్కూలు బస్సైతే మే నెలలో. గోపాలపురం రూటు బండైతే సముద్రపు గాలికి సిలిండరు పట్టీలు తుప్పు పడతాయి, నెలకోసారి కిందికి దూరి చూడాల్సిందే.

జనానికి గ్యాసు అంటే పేలుడు భయం. మీథేన్ గాలి కంటే తేలిక, లీకైతే పైకి పోతుంది. వంటగ్యాసు బరువు, నేల మీద పరుచుకుంటుంది. ఈ ఒక్క తేడా మీ షెడ్డు రూపాన్నే మారుస్తుంది. డీజిల్ షెడ్డుకి నాలుగు వైపులా గోడ, పైన రేకు ఉంటే సరిపోయేది. గ్యాసు బండి పెట్టే షెడ్డులో రేకుల కూడలి దగ్గర గాలి పోయే సందు లేకపోతే లీకైన గ్యాసు అక్కడే గూడు కట్టుకుంటుంది. మా షెడ్డులో కొప్పు రేకులు ఒక జానెడు పైకి లేపించాం. వానాకాలంలో జల్లు పడుతుంది, పడనీ. రోజూ పొద్దున కుర్రాడు సబ్బు నురగ బ్రష్షుతో జాయింట్ల మీద రాస్తాడు. బుడగ లేస్తే బండి కదలదు.

కరెంటు బస్సు: కొనడం కష్టం, నడపడం సుఖం

ఒక్కసారి ఎక్కినవాడు మళ్లీ గేరు బండి తోలనంటాడు. క్లచ్ లేదు, అరుపు లేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, బండి తనే వెనక్కి లాగినట్టు నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదించడంలో కొంత కరెంటు వెనక్కి బ్యాటరీలోకి పోతుంది. స్టాపుకి స్టాపుకి ఆగే బడా బజారు రూటు డీజిల్ ఫిల్టరుకి శాపమైతే కరెంటు బండికి వరం. ఘాట్ మాటేంటంటారా? 2022లో తిరుపతికి ఏపీఎస్ఆర్టీసీ వంద ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చి తిరుమల కొండకీ తిప్పుతోంది. ఎక్కేటప్పుడు తిన్నదాంట్లో కొంత దిగేటప్పుడు కక్కిస్తుంది. అందుకని మన తప్తపాణి ఘాట్ చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఘాట్ అవతల చార్జరు లేకపోవడం చూసి.

ఖర్చు పద్దు వెయ్యండి. వంద కిలోమీటర్లకి డీజిల్ 20 లీటర్లు, గ్యాసు 22 కిలోలు, కరెంటు 90 యూనిట్లు. మీ ఊరి ధరలతో గుణించుకోండి, రోజువారీ ఖర్చులో కరెంటు ఎంత కిందకుంటుందో మీకే తెలుస్తుంది. ఇంజనాయిలు లేదు, బ్రేకు లైనింగులు చాలాకాలం వస్తాయి. కానీ బండి ధర డీజిల్ బస్సుకి రెండు మూడు రెట్లు. రోజుకి 180 కిలోమీటర్లు తిరిగే బండైతే ఆ తేడాని కొన్నేళ్లలో లాక్కొస్తుంది. పొద్దున నలభై, సాయంత్రం నలభై తిరిగి మధ్యలో చెట్టు కింద పడుకునే స్కూలు బస్సు ఈ జన్మకి లాక్కురాలేదు. కరెంటు బస్సు తిరిగిన కొద్దీ లాభం, నిలబడితే నష్టం. మన ఆలోచన దీనికి రివర్సులో ఉంటుంది, కొత్తది కదా, తక్కువ తిప్పుదాం అని.

ఇప్పుడు మళ్లీ షెడ్డు దగ్గరికి. రెండు బస్సులైతే ఎలాగో సర్దుకోవచ్చు. మున్సిపాలిటీ ఇరవై బస్సులు పెడితే, ఒక్కోటి రాత్రికి 150 యూనిట్లు తింటే, మొత్తం మూడు వేల యూనిట్లు. అవి ఆరు గంటల్లో ఎక్కాలంటే ఐదొందల కిలోవాట్ల లోడు. అది మామూలు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌తో అయ్యే పని కాదు, 11 కేవీ లైను లాగాలి, సొంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మన దక్షిణ ఒడిశా జిల్లాలకి కరెంటు పంపిణీ టీపీఎస్ఓడీఎల్ అనే కంపెనీ చేతిలో ఉంది. బస్సు ఆర్డరు పెట్టే రోజే లోడు దరఖాస్తూ పెట్టండి. బస్సులు వచ్చి, లైను రాక, కవర్లు కప్పుకుని నిలబడ్డ డిపోలు దేశంలో తక్కువేం లేవు.

ఓనర్లు చాలామంది నన్ను అడిగేది సబ్సిడీ గురించి. 2023 ఆగస్టు 16న కేంద్రం పీఎం ఈ-బస్ సేవ ఒప్పుకుంది. పదివేల బస్సులు, మొత్తం అంచనా 57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా 20,000 కోట్లు, పదేళ్లపాటు నడపడానికి సాయం. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలు దాటిన ఊళ్లకి అవకాశం. బరంపురం ఆ లెక్కల్లో మూడున్నర లక్షలు దాటింది. కానీ అది పబ్లిక్ సర్వీసు కోసం, ప్రభుత్వ సంస్థ ఆపరేటరుతో కిలోమీటరుకింత అని ఒప్పందం రాసుకునే పద్ధతి. ఐదు బస్సుల మేనల్లుడికి ఆ డబ్బు నేరుగా రాదు. వార్డు మీటింగులో చెయ్యెత్తేవాళ్లు మాత్రం ఈ సంగతి గట్టిగా అడగాలి.

హద్దు దాటేవాళ్లకి ఒక తీపి కబురుంది. 2018 అక్టోబరులో కేంద్రం బ్యాటరీ రవాణా బళ్లకి పర్మిట్ అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఇచ్ఛాపురం పెళ్లికి బండి కట్టేవాడికి ఇది చిన్న విషయం కాదు. కానీ టికెట్టు కొట్టి రోజూ హద్దు దాటించే స్టేజి క్యారేజీ వ్యవహారం వేరు. హద్దులో గిరిసోల చెక్ గేటు దగ్గర వాదించడం కంటే ముందే ఆర్టీవో ఆఫీసులో కాగితం మీద అడిగి తేల్చుకోవడం మేలు.

ఇక మెకానిక్ బాధ. ఆరెంజి రంగు తొడుగున్న కేబుళ్లలో వందల వోల్టులు ఉంటాయి. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న నేను కూడా దాని మీద చెయ్యి వెయ్యను, వెయ్యకూడదు. బండి ఆగితే కంపెనీ మనిషి రావాలి. అతను భువనేశ్వర్ నుంచి రావాలా, విశాఖ నుంచి రావాలా, ఎన్ని గంటల్లో వస్తాడు? ఇది బ్రోచర్లో ఉండదు, ఒప్పందంలో రాయించుకోండి.

తుఫాను పద్దు

ఢిల్లీ నుంచి వచ్చే ఏ పోలిక పట్టికలోనూ ఈ గడి ఉండదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు అప్పడాల్లా విరిగాయి, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, గజపతి జిల్లా కొండల్ని కడిగేసింది. అలాంటి వారంలో అన్నీ కరెంటు బస్సులే ఉన్న ఊరి గతేంటి? ఆస్పత్రికి, రిలీఫ్ క్యాంపుకి మనుషుల్ని మోసేదెవరు? గ్యాసు కూడా తేలిగ్గా ఏం లేదు. లారీ రాలేకపోతే డాటర్ స్టేషన్ ఖాళీ, కరెంటు లేకపోతే కంప్రెసర్ తిరగదు. డీజిల్ని మాత్రం డ్రమ్ముల్లో తెచ్చి చేతిపంపుతో పోయొచ్చు.

అందుకే మొత్తం ఊరి బస్సుల్ని ఒకేసారి ఒకే ఇంధనం మీదికి మార్చేద్దాం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ప్రతి నాలుగైదు బస్సుల్లో ఒక మంచి బీఎస్ 6 డీజిల్ బండి ఉండనివ్వండి. అక్టోబరు వస్తే మీరే దండం పెట్టుకుంటారు.

మిగతావి

ఎల్ఎన్‌జీ అంటే మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవం చేసిన అదే గ్యాసు. దూరపు లారీలకీ లాంగ్ సర్వీసులకీ బాగుంటుంది. టౌన్ బస్సు రాత్రంతా నిలబడుతుంది, నిలబడితే లోపల గ్యాసు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. మనకి కాదు.

హైడ్రోజన్ గురించి అడిగినవాళ్లకి టీ ఇచ్చి పంపించేస్తున్నాను.

బయోడీజిల్ని కలిపి పోయడంలో తప్పులేదు, కానీ కంపెనీ వారంటీ ఎంత శాతం దాకా ఒప్పుకుంటుందో చూడండి. హోటళ్ల వాడేసిన నూనె వడగట్టి "బయో" అని అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి, ఇంజెక్టర్లు ఏడుస్తాయి.

చెత్త నుంచి తీసే గ్యాసు మీద మాత్రం నాకు మమకారం ఉంది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు రోజుకి 550 టన్నుల తడిచెత్త నుంచి 17,000 కిలోల గ్యాసు తీసేలా కట్టారు, దాంతో సిటీ బస్సులు నడపాలని. మన ఊరు అంత పెద్దది కాదు. అయినా బడా బజారు కూరల చెత్త, పెళ్లి పందిళ్ల విస్తళ్లు, అమ్మవారి యాత్ర నెలలో పోగయ్యే కొబ్బరి పీచూ పూలూ తలుచుకుంటే చెయ్యి దురదపెడుతుంది. బంకుల్లో అమ్మే గ్యాసులో ఈ చెత్త గ్యాసు వాటా 2025-26లో 1 శాతం, 2028-29 నుంచి 5 శాతం ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. అది వస్తే పైన చెప్పిన కార్బన్ లెక్కలో గ్యాసు బస్సు కొంచెం పైకి లేస్తుంది. అంతవరకూ చెత్త చెత్తగానే ఉంటుంది.

రూటు చూసి చెబితే

టౌన్ లోపల, పాత బస్టాండు, గేట్ బజారు, మెడికల్ కాలేజీ, లంజిపల్లి చుట్టూ రోజుకి 150 దాటి తిరిగే బండికి కరెంటే. షెడ్డుకి లోడు వస్తేనే. మధ్యాహ్నం డ్రైవరు అన్నం తినే ముప్పావు గంటలో ఇంకాస్త ఎక్కించుకునే ఏర్పాటుంటే చిన్న బ్యాటరీ బండి చాలు, ధర కూడా దిగుతుంది.

గోపాలపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం లాంటి పాతిక కిలోమీటర్ల రూట్లకి, బంకు దారిలోనే ఉంటే, గ్యాసు బాగుంటుంది. హద్దు దాటే బండైతే రెండు వైపులా బంకులెక్కడో ముందే చూసుకోండి. దిగపహండి దాటి కొండెక్కే రూట్లకి, పర్లాకిమిడికి, రాయగడకి ఇంకొన్నేళ్లు బీఎస్ 6 డీజిలే. తక్కువ తిరిగే స్కూలు బస్సుకి, బంకు దగ్గరుంటే గ్యాసు, లేకపోతే ఉన్న మంచి డీజిల్ బండినే బాగా చూసుకోండి. స్కూలు గేటు దగ్గర ఇంజను ఆపించండి. దానికి ఏ సబ్సిడీ అక్కర్లేదు, పిల్లల ముక్కుల్లోకి పోయే పొగ తగ్గుతుంది.

ఇదంతా విన్నాక మా కుర్రాడు కరెంటు బ్రోచరు పక్కన పెట్టేశాడు. వాడి టౌన్ బండ్లు రోజుకి తొంభై దాటవు, షెడ్డు అద్దెది, అద్దె షెడ్డుకి 11 కేవీ లైను ఎవరు లాగుతారు? గ్యాసు బ్రోచరు, డీజిల్ బ్రోచరు చంకలో పెట్టుకుని బంకు దూరం కొలవడానికి పోయాడు. మూడో రోజు రాత్రి పదింటికి ఫోను. వెనకాల ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి.

"మావయ్యా, లైన్లోనే ఉన్నాను. ప్రెషర్ 190 వస్తోంది, మూడు రోజులూ చూశాను. కానీ దూరం రానూ పోనూ పదకొండున్నర. నీ గీత దాటింది."

"షెడ్డుకి అద్దె ఎంత కడుతున్నావు?"

"ఎందుకు?"

"గోలంతర వైపు హైవే పక్కన జాగా ఏమన్నా ఖాళీగా ఉందేమో రేపు పొద్దున చూసి రా."